గొట్టం నుంచి రక్తానికి పాకిన ఇన్ఫెక్షన్: ఎవరికి, ఎప్పుడు, ఏ స్కాన్?

డయాలసిస్ కోసం మెడలో వేసిన గొట్టం ద్వారా సూక్ష్మజీవులు రక్తంలోకి చేరితే ముందు చలి, తర్వాత వణుకు, ఆపైన జ్వరం వస్తాయి. గొట్టం తీసేసి, కల్చర్‌లో తేలిన మందును సరిపడా ఇస్తే చాలామంది రెండు వారాల లోపే తేరుకుంటారు. కొందరు తేరుకోరు. సూక్ష్మజీవి అప్పటికే గుండె కవాటం మీదో, వెన్నుపూసల మధ్యో, ఊపిరితిత్తుల అంచులోనో, గొట్టం ఉన్న సిరలోని గడ్డలోనో స్థిరపడి ఉంటుంది. అలాంటివారికి రెండు వారాల మందు చాలదు. నాలుగు నుంచి ఎనిమిది వారాలు కావాలి, ఒక్కోసారి ఆపరేషన్ కూడా కావాలి. ఈ రెండు రకాల రోగులనూ మంచం పక్కన నిలబడి వేరు చేయడం కష్టం. అందుకే స్కాన్‌లు అవసరమయ్యాయి, వాటితోపాటు వివాదమూ మొదలైంది.

పెద్ద నగరంలోని కార్పొరేట్ ఆసుపత్రికి ఇది ఒక రకం ప్రశ్న. పల్నాడు జిల్లా ముప్పాళ్ళ మండలం నుంచి వారానికి రెండు మూడు సార్లు సత్తెనపల్లి, నరసరావుపేట, గుంటూరు వైపు డయాలసిస్‌కు వెళ్ళే మనిషికి ఇంకో రకం. అతనికి ప్రతి స్కాన్‌కూ బస్సు ఛార్జీ ఉంది, ఒక రోజు కూలి నష్టం ఉంది. కాబట్టి పాఠ్యపుస్తకాలు చెప్పేదాన్ని, మన దగ్గర ఉన్న వసతులను పక్కపక్కన పెట్టి ఈ ప్రశ్నను సమీక్షించాలి.

ప్రశ్న పుట్టిన తీరు

సిరలోకి గొట్టం వేసే ఈనాటి పద్ధతీ, శబ్ద తరంగాలతో గుండెను చూసే పద్ధతీ దాదాపు ఒకేసారి పుట్టాయి. కాలర్ ఎముక కింది సిరలోకి సూది పంపే విధానాన్ని 1952లో ఫ్రెంచి వైద్యుడు ఒబానియాక్ వివరించాడు. సన్నని తీగ మీదుగా గొట్టాన్ని జార్చే పద్ధతిని 1953లో స్వీడన్ రేడియాలజిస్టు సెల్డింగర్ ప్రచురించాడు. ఈనాటికీ డయాలసిస్ గొట్టం వేసేది ఆ పద్ధతిలోనే. అదే ఏడాది స్వీడన్‌లోనే, లుండ్ నగరంలో, ఎడ్లర్, హెర్ట్జ్ శబ్ద తరంగాలతో గుండె కదలికలను తొలిసారి నమోదు చేశారు. ఈనాటి ఎకో పరీక్షకు మూలం అది.

1960లో సియాటిల్‌లో స్క్రిబ్నర్ బృందం దీర్ఘకాలిక డయాలసిస్‌ను సాధ్యం చేసింది. 1966లో బ్రెషియా, చిమినో బృందం చేతి ధమనినీ సిరనూ కలిపే ఫిస్టులాను పరిచయం చేసింది. శరీరంలో పరాయి వస్తువు ఏదీ ఉండదు గనుక ఫిస్టులాకు ఇన్ఫెక్షన్ చాలా తక్కువ. కానీ అది డయాలసిస్‌కు పనికొచ్చేలా ముదరడానికి వారాలు పడుతుంది. మన దగ్గర ఎక్కువమంది కిడ్నీలు పూర్తిగా చేతులెత్తేసిన స్థితిలో, ఫిస్టులా లేకుండానే అత్యవసరంగా ఆసుపత్రికి చేరతారు. అప్పటికప్పుడు మెడలో తాత్కాలిక గొట్టం తప్పదు. కొద్ది రోజుల కోసం వేసిన ఆ గొట్టమే వారాల తరబడి ఉండిపోతుంది. చర్మం కింద సొరంగంలా వేసే పర్మ్‌క్యాత్ దానికంటే మేలు, ఫిస్టులా అన్నిటికంటే మేలు.

ఇన్ఫెక్షన్‌కు కారణం గొట్టమే అని ప్రయోగశాలలో తేల్చే పద్ధతులు కూడా ఈలోగా వచ్చాయి. తీసేసిన గొట్టం కొసను కల్చర్ పలక మీద దొర్లించి, 15కు మించి కాలనీలు పెరిగితే దాన్ని లెక్కలోకి తీసుకోవాలని 1977లో మాకి బృందం చూపింది. గొట్టంలోంచి తీసిన రక్తంలో, చేతి సిర నుంచి తీసిన రక్తం కంటే కనీసం రెండు గంటల ముందు సూక్ష్మజీవి పెరిగితే మూలం గొట్టమే అనుకోవాలన్న నియమం తర్వాత స్థిరపడింది. అంటే గొట్టం ఇన్ఫెక్షన్‌ను నిర్ధారించేది కల్చరే, స్కాన్ కాదు. ఆ ఇన్ఫెక్షన్ ఎంత దూరం పాకిందో చెప్పడమే స్కాన్ పని. వైద్యుల మధ్యా, రోగుల ఇళ్ళలోనూ ఉన్న గందరగోళంలో సగం ఈ తేడా మరచిపోవడం వల్ల వచ్చిందే.

ఏ అవయవానికి ఏ చూపు

సిర: గొట్టం ఉన్న సిరలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డకు సూక్ష్మజీవి పట్టడం అన్నిటికంటే దగ్గరి ఉపద్రవం. మెడ సిరను డాప్లర్ స్కాన్‌తో మంచం దగ్గరే చూడవచ్చు. గొట్టం వల్ల స్టాఫిలోకోకస్ ఆరియస్ రక్తంలో చేరిన 48 మందికి స్కాన్ చేసిన ఒక అమెరికన్ అధ్యయనం 2008లో వెలువడింది. వారిలో సుమారు పదింట ఏడుగురికి సిరలో గడ్డ కచ్చితంగా ఉంది లేదా ఉండే అవకాశం కనిపించింది. చేతి వాపు, మెడ నొప్పి వంటి లక్షణాలు మాత్రం వారిలో కొద్దిమందికే ఉన్నాయి. అయితే డాప్లర్‌కు రెండు పరిమితులున్నాయి. కాలర్ ఎముక వెనకా, ఛాతీ లోపలా ఉన్న సిరలు దానికి సరిగా అందవు, అక్కడ కాంట్రాస్టుతో సీటీ కావాలి. గడ్డ కనిపించినా అది చీము పట్టినదా, ఇన్ఫెక్షన్ లేకుండా గొట్టం చుట్టూ మామూలుగా ఏర్పడినదా అన్నది డాప్లర్ చెప్పలేదు. మందు ఇస్తున్నా, గొట్టం తీసినా కల్చర్‌లో సూక్ష్మజీవి ఇంకా పెరుగుతుంటే అప్పుడు ఆ గడ్డను అనుమానించాలి.

గుండె: ఛాతీ మీద నుంచి చేసే ఎకో సులభం, చవక, ప్రమాదం లేనిది. కానీ కవాటం మీది చిన్న ముద్దలను అది చాలాసార్లు వదిలేస్తుంది. అన్నవాహిక గుండా చేసే ఎకో, అంటే టీఈఈ, పదింట తొమ్మిది సార్లకు పైగా వాటిని పట్టుకుంటుంది. డయాలసిస్ రోగుల్లో ఇంకో చిక్కుంది. ఏళ్ళ తరబడి కాల్షియం పేరుకున్న కవాటాలు ఛాతీ ఎకోలో ముద్దలనూ దాస్తాయి, లేని ముద్దలు ఉన్నట్టూ చూపుతాయి. గొట్టం కొస గుండె కుడివైపున ఉన్నా, వీరిలో ఎండోకార్డైటిస్, అంటే కవాటాల ఇన్ఫెక్షన్, ఎక్కువగా సోకేది ఎడమవైపు కవాటాలకు. కుడివైపు బాగుందన్న రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండకూడదు.

ఊపిరితిత్తులు: సిరలోని గడ్డ ముక్కలై ఊపిరితిత్తులకు చేరితే, అంచుల్లో గుండ్రటి మచ్చలు ఏర్పడతాయి, వాటిలో కొన్ని లోపల డొల్లగా మారతాయి. ఎక్స్‌రేలో ఇవి మసకగా, సీటీలో స్పష్టంగా కనిపిస్తాయి. క్షయ విస్తృతంగా ఉన్న మన ప్రాంతంలో డొల్ల మచ్చ కనిపించగానే టీబీ వైపు ఆలోచన పోవడం సహజం. మెడలో గొట్టం ఉన్నవారికి గడ్డ ముక్కల అవకాశాన్ని కూడా అదే రోజు పరిశీలించాలి.

వెన్నెముక: గొట్టం ఇన్ఫెక్షన్ తగ్గిన వారాల తర్వాత కూడా వెన్నునొప్పి రూపంలో బయటపడేది వెన్నుపూసల ఇన్ఫెక్షనే. దీన్ని చూడడంలో ఎంఆర్ఐకి సాటి లేదు. అయితే జబ్బు మొదలైన తొలి రోజుల్లో ఎంఆర్ఐ మామూలుగా ఉండవచ్చు. అనుమానం గట్టిగా ఉంటే ఒకటి నుంచి మూడు వారాల్లో మళ్ళీ చేయాలన్నది వైద్యులు ఒప్పుకున్న మాట. డయాలసిస్ రోగికి వెన్నునొప్పి మామూలే అనుకుని వదిలేస్తే కాళ్ళు చచ్చుబడే దశ దాకా వెళ్ళవచ్చు.

మూడు వాదాలు

మొదటిది, అందరికీ వెతకాలన్న వాదం. స్టాఫిలోకోకస్ ఆరియస్ రక్తంలో చేరితే లక్షణాలు ఉన్నా లేకున్నా టీఈఈ చేయాలని వీరంటారు. ఈ సూక్ష్మజీవి కవాటాలకు అతుక్కునే స్వభావం కలది, దాన్ని వదిలేస్తే ప్రాణమే పోవచ్చు అన్నది వీరి ఆధారం. అమెరికా అంటువ్యాధుల వైద్యుల సంఘం 2009 మార్గదర్శకాలు చాలా వరకు ఇటువైపే మొగ్గాయి. టీఈఈని సూక్ష్మజీవి రక్తంలో కనిపించిన వారం తర్వాత చేస్తే తప్పిపోయే అవకాశం తగ్గుతుందని కూడా అవి సూచించాయి. చికిత్స కాలాన్ని కూడా అవే విభజించాయి. ఉపద్రవం లేకపోతే ఈ సూక్ష్మజీవికి కనీసం 14 రోజులు, గుండె లేదా సిర గడ్డకు సోకితే నాలుగు నుంచి ఆరు వారాలు, ఎముకకు సోకితే ఆరు నుంచి ఎనిమిది వారాలు. స్కాన్ ఫలితం మీద ఆధారపడేది ఈ కాలమే.

రెండోది, ప్రమాదాన్ని బట్టి ఎంచుకోవాలన్న వాదం. టీఈఈకి నిపుణుడు కావాలి, మత్తు కావాలి, అరుదుగా ప్రమాదమూ ఉంది. అందరికీ చేసే బదులు, లెక్క కట్టి చేద్దామని వీరంటారు. ఫ్రాన్స్‌లో 2016లో రూపొందిన విర్‌స్టా స్కోరు ఇందులో ప్రధానం. మొత్తం 3 కంటే తక్కువ వస్తే ఎండోకార్డైటిస్ అవకాశం నూటికి ఒకటి దగ్గర ఉంటుంది. కానీ ఆసుపత్రిలో ఉండగా కాక, ఇంటి నుంచి వచ్చిపోయే స్థితిలో ఇన్ఫెక్షన్ సోకితేనే ఈ స్కోరులో 2 పాయింట్లు పడతాయి. అంటే ఊరి నుంచి వచ్చి డయాలసిస్ చేయించుకుని వెళ్ళే మనిషి మొదటే 2 దగ్గర ఉంటాడు. తీవ్రమైన సెప్సిస్ ఉన్నా, రక్తంలో వాపును సూచించే సీఆర్‌పీ బాగా పెరిగినా గీత దాటేస్తాడు. 48 గంటల తర్వాత కూడా కల్చర్‌లో సూక్ష్మజీవి పెరిగితే మరో 3 పాయింట్లు. మన డయాలసిస్ రోగుల్లో చాలామందికి ఈ స్కోరు చివరికి టీఈఈ చేయమనే చెబుతుంది.

మూడోది, శరీరం మొత్తాన్ని ఒకేసారి చూడాలన్న వాదం. ఎఫ్‌డీజీ పెట్ సీటీ ఒక్క పరీక్షలో ఊపిరితిత్తులు, వెన్నెముక, కండరాలు, కీళ్ళలో దాగిన ఇన్ఫెక్షన్లను చూపుతుంది. నెదర్లాండ్స్‌లో గ్రామ్ పాజిటివ్ సూక్ష్మజీవులు రక్తంలో చేరిన రోగుల మీద జరిగిన అధ్యయనం 2010లో వెలువడింది. పెట్ సీటీ చేసినవారిలో ఆరు నెలల మరణాలు 19 శాతం, పెట్ సీటీ చేయని, అంతకుముందటి రోగుల్లో 32 శాతం అని అది చూపింది. తర్వాత వచ్చిన విమర్శ ఒకటి బలమైనది. పెట్ సీటీ సాధారణంగా కొన్ని రోజుల తర్వాత చేస్తారు, ఆ రోజులు బతికి ఉన్నవారికే అది చేయడం వీలవుతుంది. తొలి రోజుల్లో చనిపోయినవారు సహజంగానే స్కాన్ లేని గుంపులో చేరతారు. ఆ తేడాను సరిచేసి లెక్కిస్తే లాభం ఎంత మిగులుతుందన్నది ఇంకా వాదనలోనే ఉంది. పెట్ సీటీ దాగిన ఇన్ఫెక్షన్‌ను చూపగలదన్నది మాత్రం విమర్శకులూ ఒప్పుకుంటారు. సొంత కవాటాల మీద, మెదడులో దాని చూపు బలహీనం. షుగరు అదుపులో లేనివారికి ఫలితం చెడుతుంది, డయాలసిస్ రోగుల్లో అలాంటివారు ఎక్కువే.

ఎండోకార్డైటిస్ నిర్ధారణ ప్రమాణాల చరిత్రలోనూ ఈ మార్పు కనిపిస్తుంది. 1994 నాటి డ్యూక్ ప్రమాణాల్లో ప్రధాన చిత్ర ఆధారం ఎకో ఒక్కటే. 2023 సవరణలో గుండె సీటీ, పెట్ సీటీ కూడా ప్రధాన ఆధారాల్లో చేరాయి.

మన సూక్ష్మజీవులు, పాశ్చాత్య ఆధారాలు

పై మూడు వాదాలూ ఎక్కువగా స్టాఫిలోకోకస్ ఆరియస్ చుట్టూ అల్లుకున్నవి. అమెరికా, యూరప్ ఆసుపత్రుల్లో అది న్యాయమే. మన ఆసుపత్రుల్లో, ముఖ్యంగా ఐసీయూల్లో, క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్, సూడోమోనాస్ వంటి గ్రామ్ నెగటివ్ సూక్ష్మజీవుల వాటా చాలా ఎక్కువ. ఇవి కవాటాల మీద స్థిరపడటం అరుదు. వీటికి అందరికీ టీఈఈ చేయడానికి ఆధారం లేదు. సిర గడ్డ, చీము గడ్డల కోసం వెతకడమే అర్థవంతం. 3,608 మందితో నడిచి 2024లో వెలువడిన బ్యాలెన్స్ ట్రయల్, రక్తంలో సూక్ష్మజీవులు చేరినప్పుడు 7 రోజుల మందు 14 రోజులకు తీసిపోదని చూపింది. అందులో స్టాఫిలోకోకస్ ఆరియస్ రోగులనూ, ఎక్కువ కాలం చికిత్స కావలసిన లోతైన ఇన్ఫెక్షన్ ఉన్నవారినీ చేర్చలేదు. కాబట్టి మందు తగ్గించాలంటే ముందు లోతైన ఇన్ఫెక్షన్ లేదని తేలాలి. స్కాన్ మందును పొడిగించడానికే కాదు, ధైర్యంగా ఆపడానికీ ఉపయోగపడుతుంది.

కాండిడా శిలీంధ్రం మరో ప్రత్యేకత. దేశంలోని 27 ఐసీయూల సమాచారంతో 2015లో వచ్చిన అధ్యయనంలో కాండిడా ట్రోపికాలిస్ వాటా 41.6 శాతం. పాశ్చాత్య దేశాల్లో ముందుండే కాండిడా అల్బికాన్స్‌ను అది ఇక్కడ వెనక్కి నెట్టింది. కాండిడా రక్తంలో చేరినవారందరికీ మొదటి వారంలో కంటి పరీక్ష చేయాలని అమెరికా అంటువ్యాధుల వైద్యుల సంఘం 2016 మార్గదర్శకాలు చెప్పాయి. చూపు సమస్య లేనివారికి అది అలవాటుగా చేయనక్కర్లేదని అమెరికా నేత్ర వైద్యుల సంఘం 2021లో అంది. ఐసీయూలో స్పృహ లేని రోగి తన చూపు తగ్గిందని చెప్పలేడు. అలాంటివారికి కంటి పరీక్ష చేయించడమే సురక్షితం.

కాంట్రాస్టు భయం

కిడ్నీ రోగికి కాంట్రాస్టు ఇవ్వకూడదన్న భయం వల్ల ఎన్నో స్కాన్‌లు ఆగిపోతున్నాయి. ఈ భయంలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. సీటీలో వాడే అయొడిన్ కాంట్రాస్టు, మూత్రం పూర్తిగా ఆగిపోయి డయాలసిస్ మీదే ఉన్నవారికి కిడ్నీ పరంగా కొత్త నష్టం చేయదు. మూత్రం ఇంకా కొంత వస్తున్నవారి విషయంలోనే ఆలోచించాలి. ఎంఆర్ఐలో వాడే గడోలినియం కథ వేరు. 2006లో దానికీ, చర్మం గట్టిపడే ఒక తీవ్ర వ్యాధికీ సంబంధం బయటపడింది. అప్పటి నుంచి డయాలసిస్ రోగులకు దాన్ని దాదాపు నిషేధించారు. తర్వాత పాతరకం మందులు పక్కకు పోయి, సురక్షితమైన రెండో వర్గం మందులు వచ్చాయి. తీవ్ర కిడ్నీ వ్యాధి ఉన్న 4,931 మందికి వీటిని వాడిన సమాచారాన్ని 2020లో ఒక సమీక్ష కలిపి చూసింది. ఆ వ్యాధి ఒక్కరికీ రాలేదు. వెన్నెముక అనుమానానికి కాంట్రాస్టు లేని ఎంఆర్ఐ కూడా చాలావరకు సమాధానం ఇస్తుంది.

పల్నాడు నుంచి చూస్తే

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2016 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన జాతీయ డయాలసిస్ కార్యక్రమం పేదలకు డయాలసిస్‌ను అందుబాటులోకి తెచ్చాయి. ఉద్దానం కిడ్నీ బాధితుల కోసం పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. డయాలసిస్ యంత్రాలు గ్రామాలకు దగ్గరయ్యాయి. కానీ గొట్టం ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు అవసరమయ్యే కల్చర్, ఎకో, డాప్లర్, సీటీ, టీఈఈ మాత్రం ఒకే చోట దొరకవు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాగా ఏర్పడిన పల్నాడులో రోగులు పెద్ద పరీక్షలకు ఇప్పటికీ గుంటూరు, మంగళగిరి, విజయవాడ వైపే చూస్తారు.

ఇక్కడ ఇంకో అడ్డంకి ఉంది. గర్భస్థ లింగ నిర్ధారణను అరికట్టే 1994 చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రమూ నమోదు కావాలి. ఎక్కడ, ఎవరు వాడాలన్నదానికీ కఠిన నియమాలున్నాయి. ఆడపిల్లల ప్రాణాలు కాపాడే ఆ చట్టాన్ని సడలించకూడదు. కానీ డయాలసిస్ కేంద్రంలో మెడ సిరను చూడడానికి యంత్రం, శిక్షణ పొందిన వైద్యుడు చట్టబద్ధంగా ఉండే మార్గాన్ని జిల్లా యంత్రాంగమే చూపాలి.

ఇంతకంటే పెద్ద లోటు కల్చర్‌లో ఉంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు రక్తం తీయకపోతే సూక్ష్మజీవి పేరే తెలియదు. పేరు తెలియకపోతే ఏ స్కాన్ చేయాలో ఎవరూ చెప్పలేరు. రెండు మూడు రోజుల తర్వాత మళ్ళీ తీసే కల్చర్, ఏ స్కాన్ కంటే చవకగా, ఉపద్రవం గురించి మొదటి హెచ్చరిక ఇస్తుంది.

తులనాత్మక సారాంశం

మెడ డాప్లర్: చవక, మంచం దగ్గరే. సిర గడ్డను చూపుతుంది. గడ్డకు ఇన్ఫెక్షన్ ఉందో లేదో చెప్పదు. కాలర్ ఎముక వెనక చూడలేదు.

ఛాతీ ఎకో: చవక, అందరికీ మొదటి మెట్టు. కాల్షియం పేరుకున్న కవాటాల్లో నమ్మకం తక్కువ.

టీఈఈ: స్టాఫిలోకోకస్ ఆరియస్‌కు అత్యంత ఉపయోగకరం. నిపుణుడు, పెద్ద ఆసుపత్రి అవసరం.

కాంట్రాస్టు సీటీ: ఛాతీ లోపలి సిరలు, ఊపిరితిత్తుల మచ్చలు, పొట్టలోని చీము గడ్డలకు.

ఎంఆర్ఐ: వెన్నెముక, మెదడుకు. తొలి రోజుల్లో మామూలుగా కనిపించినా అనుమానం పోకపోతే మళ్ళీ చేయాలి.

పెట్ సీటీ: మూలం తెలియని, తగ్గని ఇన్ఫెక్షన్‌కు. ఖర్చు, దూరం ఎక్కువ. గుండె సొంత కవాటాల్లో, మెదడులో బలహీనం.

తేలనివి

నాలుగు ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. లక్షణాలు లేని సిర గడ్డ కనిపిస్తే రక్తం పలుచన చేసే మందు ఇవ్వాలా, ఎంతకాలం? గ్రామ్ నెగటివ్ ఇన్ఫెక్షన్‌లో ఎవరికి డాప్లర్ చేయాలి? పెట్ సీటీ నిజంగా ప్రాణాలు కాపాడుతుందా, లేక ఇన్ఫెక్షన్‌ను చూపడం వరకేనా? మన డయాలసిస్ రోగులకు విర్‌స్టా వంటి స్కోర్లను మన లెక్కలతో తిరిగి సరిదిద్దాలా? నాలుగో ప్రశ్నకు సమాధానం బయటి దేశాల నుంచి రాదు. నిమ్స్, స్విమ్స్, మంగళగిరి ఎయిమ్స్ వంటి సంస్థలు జిల్లా డయాలసిస్ కేంద్రాలతో కలిసి నమోదు చేసే సమాచారం నుంచే రావాలి.

ఈలోగా పాటించదగిన వరుస స్పష్టంగానే ఉంది. మందుకు ముందు కల్చర్. వీలైతే గొట్టం తీసివేత. అందరికీ ఛాతీ ఎకో. మళ్ళీ తీసిన కల్చర్‌లో సూక్ష్మజీవి పెరిగితే, లేదా 72 గంటలైనా జ్వరం తగ్గకపోతే, మెడ డాప్లర్‌తో మొదలుపెట్టి మిగతా వెతుకులాట. స్టాఫిలోకోకస్ ఆరియస్ అయితే టీఈఈ ఉన్న ఆసుపత్రికి పంపడం. నొప్పి ఎక్కడుంటే అక్కడికి సీటీ లేదా ఎంఆర్ఐ. ఇవన్నీ చేసినా దారి దొరకని కొద్దిమందికి పెట్ సీటీ. నయమైనవారికి ఆలస్యం లేకుండా ఫిస్టులా.

స్కాన్‌కు రాసే ప్రతి చీటీలో మూడు మాటలు ఉండాలి: ఏ సూక్ష్మజీవి, మొదటి కల్చర్ తీసిన తేదీ, ఈ ఫలితంతో చికిత్సలో మారేది ఏమిటి. మూడో మాట రాయలేని చోట ఆ స్కాన్ అప్పటికి అక్కర్లేదు. రాయగలిగిన చోట మాత్రం, రోగి ముప్పాళ్ళ నుంచి వచ్చినా ముంబయి నుంచి వచ్చినా, ఖర్చు పేరుతోనో దూరం పేరుతోనో దాన్ని ఆపకూడదు.